ఎల్జీబీటీక్యూ (స్వలింగ ఆకర్షణ గలవారు, ట్రాన్స్‌జెండర్లు తదితర) విద్యార్థులపై ఆన్‌లైన్ వేధింపులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫోను పక్కన పెట్టేస్తే గొడవే ఉండదు.

వాస్తవం: కాలేజీ కౌన్సెలర్‌గా నేను తరచూ వినే సలహా ఇదే, ఎక్కువ కీడు చేసేదీ ఇదే. తామెవరో ఇంట్లో చెప్పుకోలేని విద్యార్థులకు తమలాంటివారు పరిచయమయ్యేది చాలాసార్లు ఆన్‌లైన్‌లోనే. ఫోను కట్టేయమంటే ఉన్న ఆ తోడు కూడా పోతుంది. వేధించేవారికి మాత్రం ఏ నష్టమూ ఉండదు. డేటింగ్ యాప్‌లోని ఫొటోను ఎవరో స్క్రీన్‌షాట్ తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి. మర్నాడు తరగతిలో అడుగుపెట్టే విద్యార్థికి అది ఎవరెవరు చూశారో తెలియదు. పక్క బెంచీలో ఎవరు నవ్వినా తన గురించేనేమో అనిపిస్తుంది. తన గురించి ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్న నిర్ణయాన్ని ఇతరులు లాక్కోవడమే ఇక్కడ అసలు గాయం.

బ్లాక్ చేసే ముందు ఆ పోస్టు, ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. నగ్న చిత్రాలు బయటపెడతామని బెదిరిస్తుంటే, 18 ఏళ్లు నిండినవారికి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం మీ ఫోను దాటదు. దాని డిజిటల్ వేలిముద్ర (ఆ చిత్రానికే ప్రత్యేకమైన కోడ్) మాత్రమే ఆ సేవలో చేరిన సామాజిక మాధ్యమాలకు అందుతుంది. దాని ఆధారంగా అవి ఆ చిత్రాన్ని గుర్తించి అడ్డుకోగలవు.

అపోహ: వాళ్ల కుంగుబాటుకు మూలం వాళ్ల లైంగికతే.

వాస్తవం: స్వలింగ ఆకర్షణను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో రుగ్మతల జాబితాల నుంచి తొలగించాయి. కుంగదీసేది చుట్టూ ఉన్న ద్వేషం, దాన్ని ఊహించుకుంటూ బతకాల్సిన భయం.

అపోహ: అదంతా కుర్రకారు సరదా.

వాస్తవం: 2010లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో టైలర్ క్లెమెంటి మరో పురుషుడితో ఏకాంతంగా ఉన్నప్పుడు రూమ్మేట్ వెబ్‌క్యామ్‌తో రహస్యంగా చూసి, ఆ సంగతి ట్విటర్‌లో చాటాడు. కొద్ది రోజులకే టైలర్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 18. ఏ ఆత్మహత్యకైనా ఒకే కారణమని తేల్చేయకూడదు, నిజమే. కానీ దీన్ని సరదా అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: తెలిసిన వెంటనే తల్లిదండ్రులకు చెప్పడం మన బాధ్యత.

వాస్తవం: విద్యార్థి అనుమతి లేకుండా చెబితే వేధించినవారు చేసిన పనే మనమూ చేసినట్టు. ఇంటి నుంచి గెంటేస్తారన్న భయం కొందరి విషయంలో అక్షరాలా నిజం. ప్రాణాపాయం ఉండి కుటుంబానికి చెప్పక తప్పకపోతే, ప్రమాదం గురించి మాత్రమే చెప్పండి. లైంగికత ప్రస్తావన అక్కర్లేదు.

అపోహ: చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: అలా అడిగితే ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. సూటిగా, నెమ్మదిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి. అత్యవసర సేవలకు గానీ ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు గానీ వారి పక్కనే కూర్చుని ఫోను చేయండి.