మన జంతువుల షెల్టర్‌కి వచ్చే పిల్లలకి ఒక ఉత్తరం

పిల్లలూ,

మొన్న మీలో ముగ్గురు అట్టపెట్టెలో నాలుగు పిల్లికూనల్ని పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు కదా, "అమ్మమ్మా, వీటికి అమ్మ లేదు, పొదలో ఏడుస్తున్నాయి" అని. నేనేమో శభాష్ అనకుండా ఎక్కడ దొరికాయి, ఎంతసేపు చూశారు అని ప్రశ్నలు మొదలుపెట్టేసరికి మీ మొహాలు చిన్నబోయాయి, అది నా మనసులోంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నా.

తల్లిపిల్లి తిండి వెతుక్కోడానికి వెళ్తే గంటలతరబడి రాదు. కూనలు శుభ్రంగా ఉండి, పొట్టలు నిండుగా ఉండి, ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే లెక్క, మనం పక్కనే నిలబడితే అది దగ్గరికి రాదు, కాబట్టి దూరంగా వెళ్ళి చూడాలి. మీరు తెచ్చినవి ఇంకా కళ్ళు తెరవలేదు, అంటే పుట్టి పదిరోజులు కూడా అయ్యుండదు. అంత పసివాటిని మనం పెంచాలంటే ముందు ఒళ్ళు వెచ్చబడేలా చూడాలి, ఆ తర్వాతే పాలు, అది కూడా ఆవుపాలు కాదు, అవి పడక విరేచనాలవుతాయి, కూనలకోసం తయారుచేసిన పాలపొడే కలపాలి, రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. బోర్లా ఉంచే పట్టాలి, వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక తల్లి నాకినట్టు తడిగుడ్డతో కింద మెల్లగా తుడవాలి, లేకపోతే ఒంటికి కూడా పోలేవు. ఎంత ప్రేమగా చేసినా తల్లి చేసినట్టు మనం చెయ్యలేం రా.

అందుకే ఆ సాయంత్రమే పెట్టె తీసుకెళ్ళి ఆ పొద దగ్గరే పెట్టొచ్చాం. చీకటిపడ్డాక వచ్చింది తల్లి, నాలుగుసార్లు తిరిగింది, ఒక్కో కూనని మెడ దగ్గర పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. మీరు చూసుంటే ఎంత బాగుండేదో.

మనది చిన్న ఊరి షెల్టర్, ఉన్నవి కొన్ని గదులే. ఒకటి ఎవరింటికైనా వెళ్తేనే ఇంకోదానికి చోటు, అందుకే పెంచుకుంటామని వచ్చినవాళ్ళని ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అంతలా అడుగుతాం. కుక్క పదేళ్ళు పైనే బతుకుతుంది కదా.

కొత్తగా వచ్చిన కుక్కపిల్లల్ని ముట్టుకోనివ్వట్లేదని కూడా అలిగారు. వాటిని విడిగా ఉంచేది పార్వో అనే కుక్కల జబ్బు భయంతో. ఆ వైరస్ మట్టిలో నెలలతరబడి బతుకుతుంది, మీ చెప్పులకి అంటుకుని మీ ఇంట్లో కుక్కపిల్ల దాకా వచ్చేస్తుంది, వాంతులు, రక్తవిరేచనాలు పట్టుకుంటే కుక్కపిల్లలు తట్టుకోలేవు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి నాలుగు నెలలొచ్చేదాకా కొన్ని వారాలకోసారి వేయిస్తూనే ఉండాలి.

ఇంకోటి, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. కుక్క కరిచినా గీరినా తిడతారని దాచొద్దు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి పెద్దవాళ్ళకి చెప్పండి, ఆసుపత్రికి తీసుకెళ్తారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, అంతకుముందే టీకా వేస్తే ఆపేయొచ్చు. 1885లో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఈ టీకా వేయించింది మీ ఈడు పిల్లాడికే, జోసెఫ్ మైస్టర్ అని, వాడికప్పుడు తొమ్మిదేళ్ళు, బతికాడు. ఊళ్ళో కుక్కల్లో నూటికి 70కి టీకాలు పడితే ఆ జబ్బు వాటిమధ్య పాకడం ఆగిపోతుంది, మనం వీధికుక్కల వెంట తిరిగి టీకాలు వేయించేది మీకోసం కూడా.

చివరి గదిలో గోడవైపు తిరిగి కూర్చునే గోధుమరంగు కుక్క గురించి అడిగారు కదా. దానికి జబ్బేం లేదు, భయం. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడొద్దు, చెయ్యి చాపొద్దు, తలుపు బయట పక్కకి తిరిగి కూర్చుని మీ పాఠం పైకి చదువుకోండి చాలు. మొన్న ఒక పాప రోజూ అలాగే చదివింది, మూడు రోజులు అది కదల్లేదు, నాలుగోరోజు పేజీ తిప్పిన చప్పుడికి ఒక చెవి ఇటు తిప్పింది. ఆదివారం రండి, పాత దుప్పట్లుంటే తెండి, పుస్తకం మాత్రం మర్చిపోవద్దు.

మీ
షెల్టర్ అమ్మమ్మ