కాలేజీ జిమ్నాస్టిక్స్‌లో పదికి పది గొడవ: అసలు మలుపు వాల్ట్ దగ్గర

అమెరికా మహిళల కాలేజీ జిమ్నాస్టిక్స్‌లో మార్కుల గొడవ మళ్లీ రాజుకుంది. ఛాంపియన్‌షిప్ సీజన్ వచ్చిందంటే స్కోర్‌బోర్డుల మీద పదికి పదులు కనబడతాయి. వెనకే జడ్జిలు చేతికి ఎముక లేకుండా మార్కులు వేస్తున్నారన్న ఆరోపణ వస్తుంది. ఫోర్ట్‌వర్త్‌లో ఫైనల్స్ జరుగుతున్నప్పటి నుంచి డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలోనూ, ముఖ్యంగా ఆడపిల్లల్ని జిమ్ క్లాసులకు తిప్పే ఇళ్లలో, ఈ మాట వినబడుతోంది.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా అమ్మాయి నాదియా కొమనేచి సాధించిన పది అందరికీ తెలిసిందే. 1982లో మొదలైన ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) ఛాంపియన్‌షిప్‌లో యూటా యూనివర్సిటీ వరసగా 5 టైటిళ్లు గెలిచిన కథ కూడా చాలాసార్లు చెప్పుకున్నదే. నేటి తగాదాకు పనికొచ్చేది 2004 తర్వాతి చరిత్ర.

ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కొరియా ఆటగాడు యాంగ్ తే యంగ్ ప్యారలల్ బార్స్ విన్యాసానికి 10.0 ఉండాల్సిన ప్రారంభ విలువను (తప్పులకు కోత పెట్టకముందు ఉండే మార్కును) జడ్జిలు పొరపాటున 9.9గా లెక్కగట్టారు. అతను కాంస్యంతో సరిపెట్టుకున్నాడు, అమెరికా ఆటగాడు పాల్ హామ్‌కు స్వర్ణం దక్కింది. ఆ రచ్చ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య 2006లో పది అనే గరిష్ఠాన్నే తీసేసింది. కష్టానికి ఒక మార్కు, చేసిన తీరుకు ఒక మార్కు వేసి రెండూ కలపడం మొదలుపెట్టింది. మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్ వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి టేబుల్ మీద చేతులాన్చి గాల్లోకి ఎగిరే పోటీలో) కాంస్యం గెలిచినప్పుడు ఆమె స్కోరు 13.649. ఆ పద్ధతిలో ఇంకా కష్టమైన వాల్ట్ చేస్తే మార్కు ఇంకా పైకి పోతుంది.

కాలేజీలు ఆ దారి పట్టలేదు, పదినే ఉంచుకున్నాయి. అక్కడ బార్స్ (కడ్డీలు), బీమ్ (సన్నటి దూలం), ఫ్లోర్ (నేల) మీద చేసే విన్యాసం విలువ 9.4 దగ్గర మొదలవుతుంది; వాల్ట్‌లో మాత్రం ఒక్కో రకానికి ఒక్కో విలువ. కష్టమైన అంశాలకు, వాటిని కలిపి చేసినందుకు 0.6 దాకా బోనస్ వస్తుంది. ఆ 0.6 నిండాక ఎంత సాహసం చేసినా అదనంగా ఒక్క పాయింటు రాదు. పెద్ద జట్లలో దాదాపు అందరూ దాన్ని నింపేసే వస్తారు. అందరూ పది నుంచే మొదలైతే, వాళ్ల మధ్య తేడా చూపడానికి జడ్జికి తప్పులు వెతకడం ఒక్కటే మిగులుతుంది.

నా లెక్కలో అసలు మలుపు 2016 సీజన్. అప్పటిదాకా కాలేజీ వాల్ట్ అంటే యుర్చెంకో ఫుల్. రౌండాఫ్‌తో (చేతుల మీద పక్కకు పల్టీ కొట్టి) స్ప్రింగ్‌బోర్డు మీదకు వచ్చి, వెనక్కి టేబుల్ మీద చేతులు ఆన్చి, గాల్లో నిటారుగా ఒక పూర్తి మెలిక తిరిగి దిగడం. దాని విలువ 10.0. జట్టులో ఆరుగురు దిగితే ఆరుగురూ అదే చేసే రోజులవి. 2016 నుంచి దాన్ని 9.95కు తగ్గించారు. అంటే ఎంత శుభ్రంగా చేసినా ఆ వాల్ట్‌కు ఇక పది రాదు. పది కావాలంటే మరో సగం మెలిక కలపాలి. అలా చేస్తే టేబుల్‌కు వీపు పెట్టి దిగాల్సి వస్తుంది. ఒళ్లు ముందుకు తూలుతుంది, కాళ్లు కదలకుండా నిలబడటం చాలా కష్టం.

తగ్గించింది 0.05 మాత్రమే, కానీ కోచ్‌ల ముందు నిజమైన ప్రశ్న నిలిచింది. తేలికైనది శుభ్రంగా చేయించాలా, కష్టమైనదానితో రిస్క్ తీసుకోవాలా? జడ్జి మీద భారం కొంత తగ్గి, నిబంధనే తేడా చూపించింది. బార్స్, బీమ్, ఫ్లోర్‌లకు అలాంటి గీత గీయకపోవడమే ఈనాటి గొడవకు మూలమని నేను నమ్ముతున్నాను.

తర్వాత 2021 వచ్చింది. ఆ జులై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. అంతకుముందు ఒలింపిక్ పతకంతో వచ్చే ప్రకటనల డబ్బు తీసుకుంటే కాలేజీ ఆట వదులుకోవాల్సిందే. ఆ అడ్డు తొలగడంతో టోక్యోలో ఆడిన సునీ లీ ఆబర్న్‌కు, జేడ్ కేరీ ఒరెగాన్ స్టేట్‌కు, జోర్డాన్ చైల్స్ యూసీఎల్ఏకు, గ్రేస్ మెక్‌కాలమ్ యూటాకు, ఇలా యూనివర్సిటీ జట్లకు వచ్చారు. ఆడేవాళ్ల స్థాయి పెరిగింది గానీ పది అనే పైకప్పు అక్కడే ఉంది. పదులు పెరిగాయంటే వీళ్లు నిజంగా అంత బాగా చేస్తున్నారు కాబట్టే అని జడ్జిల పక్షం చెప్పే మాటను కొట్టిపారేయలేం. 2023లో ఫ్లోరిడా అమ్మాయి ట్రినిటీ థామస్ కాలి గాయంతోనే దిగి కెరీర్‌లో 28వ పది సాధించి పాత రికార్డును సమం చేసింది. దాన్ని ఉదారపు మార్కు అనడానికి నాకు నోరు రాదు.

పదిని తీసేయకూడదనే వాళ్ల వాదన కూడా ఉంది. 2019 జనవరిలో యూసీఎల్ఏ అమ్మాయి కేట్లిన్ ఒహాషీ ఫ్లోర్ వీడియో ప్రపంచమంతా తిరిగిందంటే, ఆ చివర్లో కనబడ్డ పది ఎవరికైనా అర్థమవుతుంది కాబట్టి. నిజమే, 13.649 అంటే బయటివాళ్లకు ఏం తెలుస్తుంది?

కానీ టైటిల్ దగ్గరికొచ్చేసరికి ఆ పది బరువు చూడండి. 2018 ఫైనల్లో చివరగా బీమ్ ఎక్కిన యూసీఎల్ఏ అమ్మాయి పెంగ్‌పెంగ్ లీకి పది వచ్చింది. జట్టు మొత్తం మార్కులు చూస్తే యూసీఎల్ఏ 198.075, ఓక్లహోమా 198.0375. ఆమెకు 9.95 వచ్చి ఉంటే కప్పు ఓక్లహోమాదే. సీజన్ ర్యాంకింగుల్లోనూ అంతే టెన్షన్. ఆరు స్కోర్లు తీసుకుంటారు, వాటిలో కనీసం మూడు బయటి వేదికల్లో చేసినవై ఉండాలి, అన్నిటికన్నా పెద్దదాన్ని తీసేసి మిగతా ఐదుకు సగటు కడతారు. సొంత గడ్డ మీద మార్కులు ఎక్కువ పడతాయన్న అనుమానం నిబంధన రాసినవాళ్లకే ఉందని దీన్ని చూస్తే అర్థమవుతుంది. ఆ అనుమానాన్ని ఏటా మోస్తున్నది మాత్రం ఒక్కో పరికరం దగ్గర కూర్చునే ఇద్దరు జడ్జిలు. వాళ్ల చేతిలో 9.95కు, పదికి మధ్య ఇంకో మార్కు లేదు.

2024 సెమీఫైనల్లో నంబర్ వన్ ఓక్లహోమా వాల్ట్ మీద ఒకరి తర్వాత ఒకరు తడబడి ఇంటిదారి పట్టింది. ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 198.225తో తొలి టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది అదే ఓక్లహోమా 198.0125తో కప్పు తిరిగి తెచ్చుకుంది. ఓక్లహోమా ఓడిన ఆ రాత్రి గురించి చాలా వాదనలు విన్నాను గానీ, జడ్జిలు అన్యాయం చేశారని ఎవరూ అనలేదు. పడ్డవాళ్లు పడటం అందరూ చూశారు.