ఆ అంతోని వేరు, ఈ అంతోని వేరు: పశువుల పునీతులపై అపోహలు - వాస్తవాలు

కాజీపేట చుట్టుపక్కల పల్లెల్లో కతోలిక తిరుసభ తరఫున మతబోధ చేసే ఉపదేశిగా పని చేస్తున్నాను. పోయిన జూన్‌లో పునీత అంతోని పండుగ నాడు ఒక అవ్వ తన బర్రెను గుడి గేటు దాకా తోలుకొచ్చింది. "పాలు పిండనివ్వడం లేదు బిడ్డా, పశువుల అంతోని ఈయనే కదా?" అంది.

అపోహ: ఈయనే.
వాస్తవం: కాదు. చేతిలో బాలయేసు, లిల్లీ పూలు ఉన్నాయంటే ఆయన 1231లో కన్నుమూసిన పాదువా అంతోని. పోయిన వస్తువులు దొరకాలని వేడుకునేది ఈయననే. పశువుల అంతోని అంతకు తొమ్మిది వందల ఏళ్ల ముందు ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన సన్యాసి. పండుగ జనవరి 17, మన కనుమ వెళ్లీ వెళ్లగానే.

అపోహ: ఆయన కాళ్ల దగ్గర పంది ఉంది కాబట్టి పందులు మేపేవారు.
వాస్తవం: ఆ పంది ఆయన పోయిన ఏడు వందల ఏళ్లకు వచ్చి చేరింది. బూజు పట్టిన రై ధాన్యం తిని కాళ్లు చేతులు మండి కుళ్లిపోయే రోగులకు ఫ్రాన్స్‌లో ఆయన పేరిట వెలసిన మఠం వారు సేవ చేసేవారు. (మన సజ్జ కంకికి పట్టే తేనెబంక తెగులూ ఆ జాతిదే.) పుండ్లకు పంది కొవ్వు పూసేవారు. మఠం పందులు మెడలో గంటతో వీధుల్లో తిరిగేవి. చిత్రకారులు ఆ పందిని, గంటను తెచ్చి సన్యాసి పక్కన పెట్టారు.

అస్సీసి ఫ్రాన్సిస్‌ను పోపు జంతువుల పాలక పునీతుడిగా ప్రకటించారనీ అంటారు. 1979లో రెండో జాన్ పాల్ ప్రకటించింది పర్యావరణానికి. ఇక పిల్లుల పునీతురాలంటున్న గెర్త్రూదు పాత చిత్రాల్లో ఆమె కర్ర ఎక్కేవి ఎలుకలు!

అపోహ: జనం మొక్కితే చాలు, పునీతులైనట్టే.
వాస్తవం: 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లియోన్ దగ్గర గినెఫోర్ అనే వేటకుక్కకు జనం మొక్కేవారు. ఊయలలోని బిడ్డను పాము నుంచి కాపాడితే, మూతికున్న నెత్తురు చూసి యజమాని దాన్నే చంపేశాడట. అచ్చం మన ముంగిస కథ. తల్లులు జబ్బు పిల్లలను ఎత్తుకుని దాని సమాధికి వెళ్లేవారు. తిరుసభ పంపిన గురువు (ఫాదర్) దాని ఎముకలు తవ్వించి కాల్పించారు. అయినా ఆ మొక్కు శతాబ్దాల పాటు ఆగలేదు. కథకు నాకూ కళ్లు చెమరుస్తాయి గానీ, కుక్క పునీతుల జాబితాలో లేదు.

అపోహ: దీవించిన నీళ్లు చల్లితే డాక్టరు అక్కరలేదు.
వాస్తవం: దీవెన ప్రార్థన, మందు కాదు. గురువుగారు అవ్వ బర్రె మీద నీళ్లు చల్లారు. తర్వాత నేనే దాని పలుపు పట్టుకుని పశువుల దవాఖానకు నడిచాను. పొదుగువాపు అన్నారు.