బ్లూ నోట్ ఎల్పీలు: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో పాత ఎల్పీలు కొని అమ్మడం నా పని. జాజ్ కోసం వచ్చేవాళ్లు ముందుగా అడిగేది బ్లూ నోట్ రికార్డులే. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్, మాక్స్ మార్గులిస్‌తో కలిసి 1939లో న్యూయార్క్‌లో పెట్టిన కంపెనీ ఇది. తర్వాత లయన్ చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ వచ్చి చేరాడు. మధ్యలో కొన్నేళ్లు మూలనపడ్డా, 1985లో మళ్లీ లేచి ఇవాళ్టికీ నడుస్తోంది. పాత కంపెనీ కాబట్టి దాని చుట్టూ కథలూ ఎక్కువే.

అపోహ: బ్లూ నోట్ సౌండ్ అంతా స్టూడియో మహిమే.

బ్లూ నోట్‌కి రికార్డింగ్ చేసిన ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ గొప్పవాడే, కాదనను. కానీ యాభైల్లో ఆయన 'స్టూడియో' అంటే న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాలు. పగలు కంటి పరీక్షలు చేసి కళ్లజోళ్లు రాసిచ్చేవాడు. ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన చెక్క కప్పుతో సొంత స్టూడియో కట్టుకున్నది 1959లో. అసలు సంగతేమిటంటే, అవే గదుల్లో ఆయన ప్రెస్టీజ్, సవాయ్, తర్వాత ఇంపల్స్ లాంటి వేరే జాజ్ కంపెనీలకీ రికార్డు చేశాడు. వాయించినవాళ్లూ చాలాసార్లు వాళ్లే. అయినా బ్లూ నోట్ ఎల్పీ వేరుగా వినిపిస్తుంది. కారణం కింద ఉంది.

అపోహ: జాజ్‌కి రిహార్సల్ ఎందుకు? అప్పటికప్పుడు తోచింది వాయించడమే కదా.

మనోధర్మం వెనక ఎంత సాధన ఉంటుందో తెలిసిన మన కచేరీ శ్రోతలే ఈ మాట అంటుంటే నాకు నవ్వొస్తుంది. లయన్ రికార్డింగుకు ముందు రిహార్సల్ పెట్టించేవాడు, దానికీ డబ్బు ఇచ్చేవాడు. అంత చిన్న కంపెనీకి అది పెద్ద ఖర్చే. ప్రెస్టీజ్‌లో అయితే వచ్చామా, వాయించామా, వెళ్లామా అన్నట్టు ఉండేది. అలాగని ఆ రికార్డులు తీసిపారేసేవి కావు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ క్వింటెట్ (అయిదుగురి బ్యాండు) 1956లో రెండే రెండు రోజుల్లో ప్రెస్టీజ్‌కి నాలుగు ఎల్పీలకు సరిపడా వాయించి వెళ్లింది. కాకపోతే ఆ బ్యాండు ఆ పాటల్ని క్లబ్బుల్లో వాయిస్తూనే ఉండేది. ఒక్క సెషన్ కోసం జతకట్టినవాళ్లకు ఆ వెసులుబాటు ఎక్కడిది? అందరికీ తెలిసిన పాటో, ఓ బ్లూసో ఎత్తుకోవాల్సిందే.

సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ప్రెస్టీజ్ కాంట్రాక్టులో ఉండగానే 1957 సెప్టెంబర్‌లో బ్లూ నోట్‌కి 'బ్లూ ట్రైన్' చేశాడు. నాయకుడిగా తన పేరు మీద ఈ కంపెనీకి చేసిన ఆల్బమ్ అదొక్కటే. అందులోని అయిదు పాటల్లో నాలుగు అతని సొంత రచనలు. సాక్సోఫోన్, ట్రంపెట్, ట్రాంబోన్ మూడూ కలిసి ఎత్తుకునే చోట ఎక్కడా తడబాటు ఉండదు. అదే ఏడాది ప్రెస్టీజ్‌కి చేసినవి పక్కన పెట్టుకుని వినండి, లయన్ డబ్బు ఎక్కడ ఖర్చయిందో చెవికే తెలుస్తుంది.

అపోహ: బ్లూ నోట్ అసలు సిసలు జాజ్ కంపెనీ, డెబ్బైల్లో సోల్ అనే పాప్ బాణీ వచ్చి చెడగొట్టింది.

1939లో ఈ కంపెనీ మొట్టమొదట రికార్డు చేసింది ఆల్బర్ట్ ఆమన్స్, మీడ్ లక్స్ లూయిస్‌ల బూగీ-వూగీ పియానో. జనం కాళ్లు ఆడించే సంగీతం అది. 1956లో జిమ్మీ స్మిత్ హామండ్ ఆర్గాన్‌తో వచ్చాడు. చర్చి, బ్లూస్ కలగలిసిన వాయింపు. 1967లో లూ డొనాల్డ్‌సన్ 'అలిగేటర్ బూగలూ'కి వచ్చేసరికి సోల్ ఎప్పుడో ఇంట్లో మనిషి అయిపోయింది. 1973లో డొనాల్డ్ బర్డ్ 'బ్లాక్ బర్డ్' వచ్చినప్పుడు ఛాందసులు దుమ్మెత్తిపోశారు. కంపెనీలో అప్పటిదాకా అంతగా అమ్ముడైన ఆల్బమ్ మరొకటి లేదు. అందులో పాడిన గొంతులు నాకంతగా ఎక్కవు గానీ, ఆ డ్రమ్స్, ఆ బేస్ విన్నాక ర్యాప్ వాళ్లు తమ పాటల్లో ముక్కలు వాడుకోవడానికి ఈ రికార్డుల వెంట ఎందుకు పడ్డారో అర్థమవుతుంది.

అపోహ: ఒక్క హిట్ పడితే చాలు, చిన్న కంపెనీ నిలదొక్కుకుంటుంది.

బ్లూ నోట్ విడుదల చేసిన లీ మోర్గన్ 'ద సైడ్‌వైండర్' 1964లో పాప్ ఆల్బమ్ చార్టులకే ఎక్కింది. ఆ వెంటనే డీలర్లు ఇంకోటి అలాంటిదే కావాలన్నారు. రికార్డులు కొట్టించడానికి డబ్బు ముందే కట్టాలి, అమ్మినవాళ్ల దగ్గర్నుంచి తర్వాతెప్పుడో వస్తుంది. ఈ వ్యాపారంలో హిట్ అయినా టెన్షనే. 1965లో కంపెనీని లిబర్టీ అనే మరో రికార్డు కంపెనీకి అమ్మేశారు, 1967లో లయన్ తప్పుకున్నాడు.

అపోహ: గాయని నోరా జోన్స్ సంగీతం తండ్రి, సితార్ విద్వాంసుడు రవిశంకర్ గారి శిక్షణే.

ఆమె టెక్సాస్‌లో తల్లి దగ్గర పెరిగింది, నార్త్ టెక్సాస్ యూనివర్సిటీలో జాజ్ పియానో చదివింది. 2002లో బ్లూ నోట్ విడుదల చేసిన ఆమె మొదటి ఆల్బమ్‌లో సితార్ కోసం వెతక్కండి.

అపోహ: 180 గ్రాముల రికార్డు అయితే సౌండ్ బాగుంటుంది.

బరువు బరువే. సౌండ్ ఏ టేపు నుంచి, ఎవరు, ఎంత శ్రద్ధగా కట్ చేశారన్న (అంటే టేపులోని సౌండ్‌ని గాడిగా చెక్కారన్న) దాన్నిబట్టి ఉంటుంది.

అపోహ: ఫస్ట్ ప్రెస్సింగే (మొదటిసారి కొట్టిన కాపీయే) బాగా వినిపిస్తుంది, అందులోనూ మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకటే సౌండ్) అయితే తిరుగులేదు.

జేబులు ఖాళీ అయ్యేది ఇక్కడే. వాన్ గెల్డర్ 1957లో స్టీరియో (రెండు స్పీకర్లకు వేర్వేరు సౌండ్) టేపు మొదలుపెట్టాడు. 1958 చివరి వరకు మోనోకి వేరే టేపు నడిచేది. ఆ తర్వాత రెండు ట్రాకుల టేపు ఒక్కటే. మోనో ఎల్పీ అంటే ఆ రెండు ట్రాకులూ కలిపి కట్ చేసినదే. అలాగని ఆ మోనోని కొట్టిపారేయలేం, హాకెన్‌సాక్‌లో ఆయన ఒక్క స్పీకర్‌తో వింటూనే రికార్డు చేసేవాడు. కానీ 'మోనోకి మిక్స్ వేరు' అని చెప్పి రేటు పెంచితే నమ్మకండి.

పైగా అప్పటి చవక ప్లేయర్లలో సూది ఎగరకుండా ఆయన బేస్ తగ్గించి కట్ చేసేవాడు. బ్లూ నోట్ పాత రికార్డుల్ని మళ్లీ విడుదల చేస్తూ 2019లో మొదలైన టోన్ పొయెట్ సిరీస్‌లో ఇంజనీరు కెవిన్ గ్రే అసలు టేపుల నుంచే కట్ చేస్తున్నాడు. అందులో బేస్ నిండుగా ఉంటుంది, గీతలు ఉండవు. ట్రంపెట్ మొహం మీద వాయించినట్టుండే ఆ పాత దూకుడు మాత్రం పాత ప్లేటులోనే ఉంది. నాకు రెండూ ఇష్టమే. వినడానికే అయితే మొదటిసారి కొనేవాళ్లకు కొత్తదే ఇస్తాను.

పాతదే కావాలంటే అట్ట మీద న్యూయార్క్ అడ్రస్ చూసి మోసపోవద్దు. లిబర్టీ కొన్నాక కూడా మిగిలిన పాత అట్టలు, పాత లేబుళ్లు వాడారు. పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగం, డెడ్ వ్యాక్స్ అంటాం, అక్కడ చూడాలి. వాన్ గెల్డర్ గుర్తు ఉంటే కట్ చేసింది ఆయనే అన్నమాట, అంతవరకే. దాంతోపాటు చెవి ఆకారంలో చిన్న గీత ఉండాలి. అది న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ చేతిరాత 'పి'. 1966 తర్వాత ఆ చెవి కనిపించదు. ఆన్‌లైన్‌లో కొంటుంటే రెండు వైపులా ఆ భాగం ఫొటో అడగండి. లేబుల్ ఫొటో మాత్రమే పంపి, అది చాలంటే ఆ బేరం వదిలేయండి.