ఐస్‌లాండ్ మంచులో కళ్ళు తెరిచింది ఎవరు?

ప్రియమైన పిల్లలిద్దరికీ,

పెద్దమ్మ ఆశీస్సులు. ‘ది ఐరన్ జెయింట్’ యానిమేషన్ సినిమా చూసి మీరిద్దరూ తగువు పడ్డారనీ, తీర్పు నాకు వదిలేశారనీ మీ అమ్మ చెప్పింది. క్షిపణికి ఎదురెళ్ళి ముక్కలైపోయిన ఇనుప మరమనిషి మన జెయింట్; చివర్లో ఐస్‌లాండ్ మంచు మీద కళ్ళు తెరిచింది అతనేనని అక్క వాదన. ఇనుము అదేగానీ, హోగార్త్ అనే పిల్లవాడి స్నేహితుడు మాత్రం పోయాడని తమ్ముడి వాదన.

ముందు తేలిక సంగతి తేల్చేద్దాం. శరీరం తిరిగి వస్తుంది, అందులో సందేహం లేదు. రైలు ఢీకొన్నప్పుడే చూశాం కదా, ఊడిపోయిన భాగాలు తమంతట తామే వెళ్ళి అతుక్కున్నాయి. వాటిలో ఒక చెయ్యి దారి తప్పి ఇంట్లోకి వస్తే, హోగార్త్ భోజనానికి ముందు ప్రార్థన చేస్తున్నట్టు నటిస్తూ దాన్ని తరమడానికి నానా తంటాలు పడ్డాడు. అక్కడ మనం పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉండగానే దర్శకుడు బ్రాడ్ బర్డ్ ముగింపుకు పునాది వేసేశాడు. అందుకే ఆఖర్లో హోగార్త్ దగ్గరున్న జెయింట్ ఒంటి మరమేకు ఒక్కటి, రాత్రిపూట కదిలి కిటికీ వైపు దొర్లితే మనం నమ్ముతాం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి ఐస్‌లాండ్‌లోని లాంగ్‌యోకుల్ హిమానీనదం దాకా ఆ చిన్న మరమేకు సముద్రం ఎలా దాటిందని మాత్రం నన్ను అడగకండి!

తమ్ముడి అసలు భయం జ్ఞాపకం గురించి. అది చిన్న భయం కాదు. జెయింట్ నిజానికి ఒక ఆయుధం. ఎవరైనా తుపాకీ గురిపెడితే చాలు, తాను అనుకోకుండానే అతని ఒంట్లోంచి ఆయుధాలు బయటికి వస్తాయి. హోగార్త్‌ను మరిచిపోయి లేచాడంటే అక్కడ లేచింది స్నేహితుడు కాదు, ఫిరంగి. కథ జరిగే కాలం కూడా గుర్తుంచుకోండి: 1957, రష్యా స్పుత్నిక్‌ను పంపిన ఏడాది. ఆకాశంలో ఏది కనిపించినా అమెరికాలో జనం ఉలిక్కిపడుతున్నారు. ఆ భయంతోనే ఒక ప్రభుత్వ ఏజెంటు తామున్న ఊరి మీదికే అణుక్షిపణి వచ్చిపడేలా చేశాడు.

అయినా నేను అక్క పక్షమే. తుపాకీకి ఆత్మ ఉండి, తుపాకీగా ఉండడం ఇష్టం లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న నుంచే బర్డ్ ఈ సినిమాను ఊహించాడు. దానికి జవాబు ఐస్‌లాండ్ కంటే ముందే దొరుకుతుంది. హోగార్త్ చనిపోయాడనుకుని జెయింట్ పూర్తిగా ఆయుధంగా మారి సైన్యం మీద విరుచుకుపడతాడు. అంత కోపంలోనూ, పిల్లవాడు ఎదురుగా నిలబడి మాట్లాడగానే ఆగిపోతాడు. ఆ ఆగడం ఏ యంత్రంలోనూ ముందుగా బిగించి పెట్టింది కాదు. వేటగాళ్ళు జింకను చంపిన రోజున, ఆత్మలు చావవని హోగార్త్ అతనికి చెప్పాడు. మన ఇళ్ళలో గీత చదివే తాతయ్యలకు కొత్త మాట కాదుగానీ, పాపం ఆ ఇనుప బుర్రకు కొత్తే. ముక్కలైపోయినా మిగిలేది ఒకటుందని సినిమా అప్పుడే ఒప్పుకుంది.

ఎలాగూ తిరిగి వచ్చేవాడే కాబట్టి అది త్యాగమే కాదంటావా, తమ్ముడూ? క్షిపణికి ఎదురెళ్ళేటప్పుడు అతని ముఖం మళ్ళీ చూడు. “నువ్వు ఉండు, నేను వెళ్తాను, నా వెంట రావద్దు” అని, ఒకప్పుడు హోగార్త్ తనకు చెప్పిన మాటలనే తిరిగి చెప్పి వెళ్ళాడు. ఆఖరి క్షణంలో సూపర్‌మ్యాన్ పేరు పలికి కళ్ళు మూసుకున్నాడు. తిరిగి అతుక్కుంటానన్న లెక్క ఆ ముఖంలో నాకు కనిపించలేదు. నీకు కనిపిస్తే ఏ చోటో రాయి.

ఇక ఐస్‌లాండ్‌లో కళ్ళు తెరిచి అతను చేసే మొదటి పని నవ్వడం. ఏదీ గుర్తులేనివాడు ఒంటరిగా మంచులో లేచి దేన్ని చూసి నవ్వుతాడు? నాకు ఆ ఒక్క నవ్వు చాలు. తమ్ముడికి చాలదని తెలుసు. వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు మళ్ళీ పెట్టుకుని చూద్దాం. ఈసారి నా పక్కన వాడే కూర్చోవాలి.

మీ పెద్దమ్మ