పిల్లికి పండు పెట్టవచ్చా? అపోహలు - వాస్తవాలు

కోయంబేడు మార్కెట్ నుంచి పుచ్చకాయలు, బంగినపల్లి మామిడిపండ్లు ఇళ్లకు చేరే రోజుల్లో, చెన్నైలోని మా క్లినిక్‌కు వచ్చే తెలుగువారు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

అపోహ: మా పిల్లికి తీపి అంటే ప్రాణం.

వాస్తవం: పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తించడానికి అవసరమైన జన్యువు పిల్లుల్లో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. కర్బూజా కోస్తుంటే కత్తిపీట పక్కన చేరే పిల్లిని గమనించండి. ముక్క అందిస్తే చాలాసేపు వాసన చూస్తుంది, తడి నాకుతుంది, చాలాసార్లు కొరకకుండానే వెళ్లిపోతుంది.

అపోహ: పండ్లలో విటమిన్లున్నాయి, పిల్లికీ బలమే.

వాస్తవం: విటమిన్ సి దాని కాలేయమే తయారుచేసుకుంటుంది. మామిడిలోని బీటా కెరోటిన్ అనే పదార్థాన్ని 'ఎ' విటమిన్‌గా మార్చుకునే శక్తి దానికి లేదు. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లో దొరుకుతుంది. అది కరవైతే చూపు, గుండె దెబ్బతింటాయి. పెరుగన్నం, పండ్లతోనే పెంచుతున్నామని చెప్పేవారిని బతిమాలుతున్నాను, దయచేసి అలా చేయకండి.

అపోహ: కొంచెం పెడితే ఏ పండైనా ఫరవాలేదు.

వాస్తవం: గింజలు తీసిన పుచ్చకాయ, తొక్కా గింజలూ తీసిన ఆపిల్ గోరంత ముక్క అప్పుడప్పుడు పెట్టవచ్చు. మధుమేహం ఉన్న పిల్లికి అదీ వద్దు. ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది, పిల్లికీ పెట్టకండి. చక్కెర పొంగలిలోని ఎండుద్రాక్ష కూడా ద్రాక్షే. నిమ్మ, నారింజ తొక్కల్లోని నూనెలు పిల్లికి విషం.

అపోహ: మూత్రం రాకపోతే వేడి చేసినట్టు, పుచ్చకాయ చలవ చేస్తుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ నమ్మకమే. ఒక వేసవిలో ఒక పెద్దావిడ మూడేళ్ల మగపిల్లిని తెచ్చారు. "వేడి చేసిందేమోనని నిన్నటి నుంచి పుచ్చకాయ రసం పడుతున్నాను డాక్టరుగారూ" అన్నారు. పొట్ట తడిమితే మూత్రాశయం నారింజపండంత ఉబ్బి, రాయిలా తగిలింది. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. మూత్రంలోని స్ఫటికాలు అడ్డుపడితే పూర్తిగా మూసుకుపోతుంది. ఆపై రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. రసం పట్టినకొద్దీ ఆ సంచి మరింత నిండుతుంది. మత్తు ఇచ్చి సన్నని గొట్టం వేశాక ఆ పిల్లి బతికింది.

మీ మగపిల్లి ఇసుక ట్రేలో పదే పదే కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే, తెల్లవారేదాకా ఆగకండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబరు ఫోనులో ఉంచుకోండి.