రౌటర్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ తీసి ఇంకోటి వేయాలా? అపోహలు - వాస్తవాలు

కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌ను (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మొదటిసారి తీసేవాళ్ళ కోసం రాసింది కాదు ఇది. ఇప్పటికే డీడీ-డబ్ల్యూఆర్‌టీ, ఫ్రెష్‌టొమాటో లాంటి బయటివాళ్ళ ఫర్మ్‌వేర్ వేసుకుని, "ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి మారదామా?" అని ఊగిసలాడే వాళ్ళ కోసం. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈ ఊగిసలాట ఎండాకాలంలోనే ఎక్కువ. ఎందుకో మొదటి అపోహలోనే తెలుస్తుంది.

అపోహ: నెట్ మాటిమాటికీ తెగుతోంది, ఫర్మ్‌వేర్ మారిస్తే కుదురుకుంటుంది.

ముందు స్టేటస్ పేజీలో అప్‌టైమ్ చూడండి. రౌటర్ ఆన్ అయి ఎంతసేపైందో అక్కడ ఉంటుంది. నెట్ పోయి వచ్చిన వెంటనే ఆ లెక్క రెండు మూడు నిమిషాలే చూపిస్తే రౌటరే రీస్టార్ట్ అయింది. కరెంటు, అడాప్టర్, వేడి, ఈ మూడింటిని ముందు వెతకాలి. అప్‌టైమ్ రోజుల తరబడి నడుస్తూనే ఉండి, లాగ్‌లో (రౌటర్ రాసుకునే చిట్టా) పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఆపరేటర్‌కు కలిసే పద్ధతి) తెగిన వరుసలు కనిపిస్తే లైనుదో, ఫైబర్ బాక్సుదో దోషం. బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఏ ఫర్మ్‌వేరూ చేసేదేమీ లేదు, కేబులాయనకు ఫోన్ చేయాల్సిందే. కంప్యూటర్‌కు వైరు పెడితే నెట్ బాగా వస్తూ, వైఫై ఒక్కటే పడిపోతుంటే, అప్పుడు ఫర్మ్‌వేర్‌ను అనుమానించండి. ఆ ఒక్క సందర్భంలో మారడానికి అర్థం ఉంది.

ఇళ్ళలో వాడే రౌటర్ల స్పెసిఫికేషన్‌లో సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీల వరకే పనిచేస్తుందని రాసి ఉంటుంది. మే నెలలో కర్నూలులో నీడపట్టునే 40 దాటుతుంది. మిద్దె కింది గదిలో, టీవీ వెనక చెక్క అరలో ఇరికించిన రౌటర్ పరిస్థితి చెప్పక్కర్లేదు. దాన్ని గోడకు తగిలించి, నాలుగు వైపులా గాలి ఆడనిచ్చి వారం చూడండి. ఇన్వర్టర్ మీద నడుస్తుంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ కొద్ది క్షణాలకే చాలా రౌటర్లు ఆగి మళ్ళీ లేస్తాయి. అడాప్టర్ పాతబడినా ఇదే వరస: 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంటుంది గానీ వైఫై మీద లోడు పడగానే వోల్టేజి జారిపోతుంది. అదే వోల్టేజి, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్ ఉన్న అడాప్టర్ మార్చి చూడటం ఫ్లాష్ చేయడం (ఫర్మ్‌వేర్ ఎక్కించడం) కన్నా చవక, సురక్షితం కూడా.

అపోహ: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయే అన్నిటికన్నా మేలు. మిగతావి పాతవి.

ఏది మేలో తేల్చేది రౌటర్‌లోని వైఫై చిప్. మీడియాటెక్, క్వాల్‌కామ్ అథెరోస్ చిప్‌లకు ఈ ఫర్మ్‌వేర్‌ల అడుగున ఉండే లినక్స్‌లో బహిరంగ డ్రైవర్లు (చిప్‌ను నడిపే ప్రోగ్రాములు, కోడ్ అందరికీ కనిపించేవి) ఉన్నాయి. అక్కడ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నిజంగానే బాగుంటుంది. బ్రాడ్‌కామ్ చిప్‌ల పని వేరు. వాటికి మంచి బహిరంగ డ్రైవర్ లేదు. అలాంటి రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కినా 5 గిగాహెర్ట్జ్ వైఫై అసలే రాకపోవచ్చు, వచ్చినా నత్తనడక నడవచ్చు. డీడీ-డబ్ల్యూఆర్‌టీ, ఫ్రెష్‌టొమాటో మాత్రం బ్రాడ్‌కామ్ వాళ్ళ మూసి ఉన్న డ్రైవర్‌నే వాడతాయి. ఫ్రెష్‌టొమాటో బ్రాడ్‌కామ్ రౌటర్లకు తప్ప వేరేవాటికి రాదు కూడా. మెర్లిన్ అనే ఇంకో ఫర్మ్‌వేర్ అయితే కొన్ని ఆసుస్ మోడళ్ళకే. అది కంపెనీ ఫర్మ్‌వేర్ మీదే కట్టింది కాబట్టి వైఫై వేగం తగ్గదు, వెనక్కి రావడమూ తేలిక. మీ ఆసుస్ రౌటర్‌లో మెర్లిన్ నడుస్తుంటే, దానికి అప్‌డేట్లు వస్తున్నంత కాలం దాన్ని కదిలించే పని పెట్టుకోకండి.

ఈ మూసిన డ్రైవర్‌కు ఒక మూల్యం ఉంది. ఆ డ్రైవర్ ఏ కెర్నల్ (లినక్స్ మూల భాగం) కోసం తయారైందో దాంతోనే నడుస్తుంది. అందుకే ఫ్రెష్‌టొమాటో ఏఆర్‌ఎం (ఒక రకం ప్రాసెసర్) బిల్డ్‌లు (తయారుచేసి ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఫైళ్ళు) ఇప్పటికీ 2010 నాటి లినక్స్ 2.6.36 మీదే ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 24.10 లినక్స్ 6.6 మీద ఉంది. ఫ్రెష్‌టొమాటోలో డీఎన్‌ఎస్‌మాస్క్ (ఇంట్లో పరికరాలకు అడ్రసులు ఇచ్చే, సైట్ల పేర్లు వెతికే ప్రోగ్రాము), వీపీఎన్ లాంటి పైభాగాలను కొత్తవిగా ఉంచుతున్నారు, కెర్నల్ మాత్రం ముసలిదే. అడ్మిన్ పేజీని బయటి నెట్‌కు తెరవకుండా ఇంట్లో వాడుకునేవాళ్ళకు ఇది భయపడాల్సినంత లోపం కాదు. క్లినిక్కుకో, అంగడిలో బిల్లింగ్ సిస్టంకో అయితే మాత్రం బ్రాడ్‌కామ్ రౌటర్ పక్కన పెట్టి మీడియాటెక్ చిప్ ఉన్నది కొనడమే మా సలహా.

మోడల్ పేరు ఒకటే అయినా లోపల ఒకటే ఉంటుందనుకోకండి. టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ వెర్షన్ 13లో 8 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఉండే మెమరీ), 64 ఎంబీ ర్యామ్. దాని తర్వాత వచ్చిన వెర్షన్ 14లో 4, 32! కొత్తదే చిన్నది. అడుగున స్టిక్కర్ మీద "వెర్షన్" పక్కనున్న అంకె చూడకుండా ఫైలు డౌన్‌లోడ్ చేయొద్దు. 4/32 రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అధికారిక బిల్డ్ చివరిది 19.07.10, అది 2022లో వచ్చింది. ఆ తర్వాత లేదు. అలాంటి రౌటర్ మీద ఏది వేసినా శ్రమ దండగ.

అపోహ: పాతదాని అప్‌గ్రేడ్ పేజీలో కొత్త ఫైలు పెడితే చాలు, సెట్టింగులు అవే వచ్చేస్తాయి.

ఎక్కువ రౌటర్లు పాడయ్యేది ఇక్కడే. డీడీ-డబ్ల్యూఆర్‌టీ, ఫ్రెష్‌టొమాటో సెట్టింగులను ఎన్‌వీర్యామ్ అనే ప్రత్యేక మెమరీ భాగంలో దాస్తాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ టెక్స్ట్ ఫైళ్ళలో రాస్తుంది. ఒకదాని బ్యాకప్ రెండోదానికి అర్థం కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనే 19.07 నుంచి 21.02కు వచ్చినప్పుడు ఎంటీ7621 (మీడియాటెక్ చిప్) రౌటర్లలో స్విచ్ సెట్టింగుల పద్ధతే మారిపోయింది. పాత సెట్టింగులు ఉంచి అప్‌గ్రేడ్ చేయబోతే అదే ఒప్పుకోదు. ఒకే ఇంట్లోనే ఇలా ఉంటే వేరే ఇంటి సామాను ఎలా సరిపోతుంది?

మారేముందు కాగితం మీద ఇవి రాసుకోండి: పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, లైనుకు ఆపరేటర్ ఇచ్చిన వీలాన్ నంబరు ఉంటే అది, ఐపీ రిజర్వ్ చేసిన సీసీ కెమెరా డీవీఆర్, ప్రింటర్ల మ్యాక్ అడ్రసులు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు అంకెలు), వైఫై పేరు, పాస్‌వర్డ్. అన్నిటికన్నా ముఖ్యం వ్యాన్ పోర్టు (బయటి నెట్ వైరు వచ్చేది) మ్యాక్ అడ్రస్. మన వైపు కేబుల్ ఆపరేటర్లు చాలామంది కనెక్షన్‌ను మ్యాక్‌కు కట్టేస్తారు. ఫర్మ్‌వేర్ మారితే వ్యాన్ మ్యాక్ చివర ఒక అంకె అటో ఇటో జరగొచ్చు. అంతా సరిగ్గా పెట్టినా నెట్ రాదు, తప్పేమో కొత్త ఫర్మ్‌వేర్‌దని తీసేస్తారు. పాత మ్యాక్‌ను కొత్తదాని వ్యాన్ సెట్టింగులో టైపు చేస్తే సరి. లేదంటే బైండింగ్ తీసేయమని ఆపరేటర్‌ను అడగాలి.

ఇక ఫైలు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఫ్యాక్టరీ ఫైలు వేరు, సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు వేరు. మొదటిది కంపెనీ ఫర్మ్‌వేర్ పేజీ నుంచి ఎక్కించేది. రెండోది ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్నప్పుడు వాడేది. డీడీ-డబ్ల్యూఆర్‌టీ నుంచి మారేవాళ్ళకు ఏది అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. మీ మోడల్ పేజీలో స్పష్టంగా రాసి లేకపోతే, ముందు కంపెనీ ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి ఫ్యాక్టరీ ఫైలుతో రండి. రెండు అడుగులు ఎక్కువైనా దారి తెలిసినది.

డౌన్‌లోడ్ చేసిన ఫైలు షా256 అంకెలు (ఫైలు సరిగ్గా దిగిందో చెప్పే గుర్తు) సైట్‌లో ఉన్నవాటితో సరిచూడండి. కంప్యూటర్‌లో వైఫై ఆపి, వైరు లాన్ (ఇంటి లోపలి) పోర్టులో పెట్టండి, వ్యాన్‌లో కాదు. సెట్టింగులు ఉంచు అన్న పెట్టె దగ్గర టిక్ తీసేయండి. ఎక్కించాక పది నిమిషాలు ముట్టుకోవద్దు. లైట్లు ఆడటం ఆగిందని అడాప్టర్ లాగినవాళ్ళే ఎక్కువగా రౌటర్‌ను మంచాన పడేస్తారు. కరెంటు కోతల వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఒక మినీ యూపీఎస్ దొరికితే దానిమీద ఫ్లాష్ చేయండి.

ఫ్లాష్ అయ్యాక కొత్తవాళ్ళను తికమక పెట్టేది ఇంకోటి ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, డీడీ-డబ్ల్యూఆర్‌టీ రెండిటికీ మొదటి అడ్రస్ 192.168.1.1. చాలా ఫైబర్ బాక్సులదీ అదే. బాక్సు వెనక రౌటర్ పెడితే రెండూ ఒకే అడ్రస్ పట్టుకుని కొట్టుకుంటాయి, నెట్ రాదు. వ్యాన్ వైరు పెట్టకముందే రౌటర్ లాన్ అడ్రస్ 192.168.10.1 చేయండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వైఫై మొదట ఆఫ్‌లో ఉంటుంది కూడా. వైఫై కనిపించలేదంటే రౌటర్ పోయినట్టు కాదు.

అపోహ: మారితే స్పీడు పెరుగుతుంది.

100 ఎంబీపీఎస్ ప్లాను, 100 ఎంబీపీఎస్ పోర్టులున్న రౌటర్. ఏది వేసినా 94, 95 దగ్గరే ఆగుతుంది. 300 దాటిన ప్లానుల్లో కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ప్యాకెట్లను సీపీయూ మీద పడకుండా హార్డ్‌వేరే తోసేసే ఏర్పాటు ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అది ఎంటీ7621 లాంటి కొన్ని చిప్‌లకే ఉంది, ఫైర్‌వాల్ పేజీలో మీరే ఆన్ చేయాలి.

బాగుపడేది వేరొకటి. ఒకరు వీడియో అప్‌లోడ్ చేస్తుంటే పక్క గదిలో ఆన్‌లైన్ క్లాసు గొంతు తెగడం తగ్గుతుంది. ఎస్‌క్యూఎం (లైనును అందరికీ సమంగా పంచే ఏర్పాటు) పెట్టి, అందులో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ మీ లైను వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. 100 లైనుకు 90. అయితే ఎస్‌క్యూఎం నడిస్తే పైన చెప్పిన హార్డ్‌వేర్ ఏర్పాటును (ఆఫ్‌లోడ్) ఆపాలి, భారమంతా సీపీయూ మీదే. ఎంటీ7621 100 లైనును హాయిగా లాగుతుంది, 300 దగ్గర రొప్పుతుంది.

అపోహ: పవర్ పెంచితే మిద్దె మీదికీ సిగ్నల్ వస్తుంది.

రౌటర్ అరుపు పెద్దదైనా ఫోన్ జవాబు అంతే చిన్నగా ఉంటుంది. గుర్తులో గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ తెరుచుకోదు. దేశం సెట్టింగును వేరే దేశానికి మార్చి పవర్ పెంచడం నిబంధనలకు విరుద్ధం, పైగా చిప్ వేడెక్కుతుంది. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్ 2018లోనే లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి తెరిచారు, భారత్ అని పెట్టినా ఛానళ్ళకు కొరత లేదు. తాడిపత్రి, బేతంచర్ల వైపు రాతి గోడల ఇళ్ళలో 5 గిగాహెర్ట్జ్ రెండో గది దాటడం కష్టమే. అక్కడ మందు ఒక క్యాట్6 వైరు, దాని చివర పాత రౌటర్ యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చేదిగా).

అపోహ: ఏపీ ఫైబర్‌నెట్, బీఎస్‌ఎన్‌ఎల్ బాక్సులోనూ వేసుకోవచ్చు.

వద్దు. అది ఆపరేటర్ సొత్తు. అందులోని సీరియల్ నంబరుతోనే అవతలి యంత్రం మీ కనెక్షన్‌ను గుర్తిస్తుంది. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (నెట్‌ను అలాగే రౌటర్‌కు దాటించే పద్ధతి) పెట్టమని అడిగి, పీపీపీఓఈ మీ రౌటర్‌లో పెట్టుకోండి, ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492.

సీసీ కెమెరా బయటినుంచి చూడలేకపోతున్నామని ఫర్మ్‌వేర్ మార్చేవాళ్ళు ముందు వ్యాన్ ఐపీ చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ (ఒకే బయటి అడ్రస్‌ను చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు. ఏ ఫర్మ్‌వేర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ (బయటినుంచి వచ్చేదాన్ని కెమెరాకు పంపే సెట్టింగు) చేసినా పనిచేయదు. స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా ఐపీవీ6 వాడాలి.

అపోహ: మార్చేముందు 30-30-30 రీసెట్ తప్పనిసరి.

రీసెట్ బటన్‌ను వదలకుండా 30 సెకన్లు ఆన్‌లో, 30 కరెంటు తీసి, 30 మళ్ళీ ఆన్‌లో నొక్కి పట్టుకోవడం ఇది. పాత బ్రాడ్‌కామ్ రౌటర్ల కాలపు మాట. కొత్తవాటిలో రీసెట్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే రికవరీ మోడ్‌లోకి పోతుంది. వెబ్ పేజీలోంచి ఫ్యాక్టరీ డిఫాల్ట్‌కు పంపండి, చాలు.

అపోహ: థర్డ్ పార్టీ ఫర్మ్‌వేర్ వేశామంటే సెక్యూరిటీ చూసుకున్నట్టే.

తేదీ చూడండి. డీడీ-డబ్ల్యూఆర్‌టీ రౌటర్ డేటాబేస్ చాలా మోడళ్ళకు ఏళ్ళనాటి బిల్డ్ చూపిస్తుంది, కొత్తవి బీటా ఫోల్డర్‌లో తేదీల వారీగా ఉంటాయి. 2017 అక్టోబర్ కన్నా ముందు బిల్డ్ అయితే వైఫై రక్షణను దెబ్బతీసే క్రాక్ అనే లోపానికి మందు లేదు. డీఎన్‌ఎస్‌మాస్క్ 2.83 కన్నా పాతదైతే 2021 జనవరిలో బయటపడ్డ లోపాలు అలాగే ఉన్నట్టు. ఇలాంటప్పుడు అదే ఫర్మ్‌వేర్‌లో కొత్త బిల్డ్ ఉందా చూడటం మొదటి పని. లేకపోతేనే వేరేదానికి మారడం.

అపోహ: బ్రిక్ అయితే (రౌటర్ అసలు లేవకపోతే) పారేయాల్సిందే. వెనక్కి దారి లేదు.

బూట్‌లోడర్ (రౌటర్‌ను మొదట లేపే చిన్న ప్రోగ్రాము) బతికి ఉంటే చాలావాటిని లేపొచ్చు. చాలా టీపీ-లింక్ మోడళ్ళలో కంప్యూటర్‌కు 192.168.0.66 అడ్రస్ పెట్టి, టీఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే) సర్వర్ నడిపి, రీసెట్ నొక్కి పట్టుకుని రౌటర్ ఆన్ చేస్తే అదే ఫైలు అడిగి తీసుకుంటుంది. ఫైలుకు మోడల్ పేజీలో ఇచ్చిన పేరే ఉండాలి, అక్షరం తేడా వచ్చినా తీసుకోదు. విండోస్ ఫైర్‌వాల్ ఆపాలి. మధ్యలో ఒక మామూలు స్విచ్ పెడితే మేలు, లేకపోతే లింకు లేచేలోపే రౌటర్ అడగడం మానేస్తుంది. అదీ కుదరకపోతే సీరియల్, అంటే రౌటర్ లోపలి బోర్డుకు తీగలు కలిపే దారి: 3.3 వోల్టుల యూఎస్‌బీ టీటీఎల్ కేబుల్, వేగం 115200, గ్రౌండ్, ఆర్‌ఎక్స్, టీఎక్స్ మూడే తీగలు. నాలుగోది, కరెంటు తీగ, కలపకండి.

బూట్‌లోడర్‌నే చంపేసే పొరపాటు ఒకటుంది. పాత టీపీ-లింక్ మోడళ్ళలో కంపెనీ ఫైలు పేరులో "బూట్" అన్న మాట ఉంటే అందులో బూట్‌లోడర్ కూడా కలిసి ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నుంచి దాన్ని అలాగే రాస్తే అది తప్పు చోట పడి రౌటర్ లేవదు. ముందు 512 బైట్ల చొప్పున మొదటి 257 బ్లాకులు, అంటే 1,31,584 బైట్లు కోసేసి, మిగిలింది రాయాలి. అలా కోసిన ఫైలు, మోడల్ వెర్షన్ అంకె పేరులో పెట్టి, మారడానికి ముందే కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంచుకోండి. రౌటర్ పడిపోయాక దాన్ని దింపుకోవడానికి ఇంట్లో నెట్ ఉండదు.